మొదటి ముక్క

నా చేతిలో ఇస్పేట్లు రెండు: పది, ఐదు. ఆటీన్లు మూడు: తొమ్మిది, ఏడు, నాలుగు. కళావర్లూ మూడే, తొమ్మిదికి మించింది లేదు. డైమన్లు మాత్రం ఐదు, వాటి పైన రాణి. పదమూడు ముక్కల్లో బొమ్మ ఒక్కటే. రమ్మీ అయితే డ్రాప్ అనేసి కాఫీ పెట్టుకోవడానికి లేచేదాన్ని. బ్రిడ్జ్‌లో ఆ సదుపాయం లేదు. పైగా ఆ ఆటలో మొదటి ముక్క వేయాల్సింది నేనే.

కుడి పక్కావిడ ‘ఒకటి నో ట్రంప్’ పాడింది. నేను పాస్. ఎడమ పక్కాయన మధ్యలో ఎక్కడా ఆగకుండా ‘మూడు నో ట్రంప్’ అన్నాడు. ఎదురుగా మా మాష్టారు పాస్. పాట అయిపోయింది. పొడుగు రంగులో పైనుంచి నాలుగో ముక్క వెయ్యాలని నేర్చుకున్న పాఠం ఉండనే ఉంది. ఇంకేం ఆలోచించకుండా డైమన్ మూడు వేశాను. ఎదుటివాళ్ళ డమ్మీలో డైమన్ ఆసు, జాకీ, పది పరుచుకున్నాయి. ఆ పదితోనే ట్రిక్కు పోయింది. ఆట ముగిసేసరికి ఆవిడ పదకొండు ట్రిక్కులు లెక్కపెట్టుకుంది. ఆవిడకు కావలసినవి తొమ్మిదే.

మా క్లబ్బులో పంచిన ముక్కలు అలాగే బోర్డులో పెట్టి టేబుల్ నుంచి టేబుల్‌కి పంపుతారు. అంటే అవే పదమూడు ముక్కలు పక్క టేబుల్లో ఇంకొకరికి వస్తాయి. ‘మంచి ముక్కలు పడలేదండీ’ అని తప్పించుకోవడం ఇక్కడ కుదరదు. పక్క టేబుల్లో అదే చేయి ఒక ఇంజినీరింగ్ కుర్రాడికి వచ్చింది. పాట కూడా అదే. అతను ఇస్పేటు పది వేశాడు. అతని జతగాడి దగ్గర ఇస్పేటు రాజు, రాణి, జాకీ, ఏడు, మూడు ఉన్నాయి, బయట ఆటీన్ ఆసు ఉంది. డిక్లేరర్ తన ఇస్పేటు ఆసును ఎప్పుడు వాడినా లాభం లేకపోయింది. ఆటీన్ ఆసు పడిన క్షణంలో మిగిలిన ఇస్పేట్లన్నీ కట్టగట్టుకుని దిగాయి. అక్కడ ఎనిమిది ట్రిక్కుల దగ్గరే ఆట ఆగింది.

ఆ రాత్రి సికింద్రాబాద్‌లో మా ఇంటి వైపు ఆటోలో వస్తూ మాష్టారు అడిగారు.

“ఏమ్మా, వాళ్ళ పాట విన్నావా?”

“విన్నాను మాష్టారూ. మూడు నో ట్రంప్.”

“అది పాడింది. పాడకుండా వదిలేసింది విన్నావా?”

నేనేం మాట్లాడలేదు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను బ్యాంకులో చేశాను. నలభై ఏడో ఏట బ్రిడ్జ్ పట్టుకున్నాను. అంతకుముందు నాకు తెలిసిన పేకాటంతా తెనాలిలో పెళ్ళి విడిదిళ్ళలో చాప మీద ఆడిన రమ్మీయే. మాష్టారి జేబులో ఒక చిన్న డైరీ ఉంటుంది. మొదటి ముక్క మాలో ఎవరు వేసినా పాట, ముక్క అందులో రాసుకుంటారు. పక్కన రెండు గళ్ళు గీస్తారు. ఒకటి ‘వినికిడి’, రెండోది ‘ఫలితం’. ఆ రోజు నా పేరిట రెండు గళ్ళలోనూ అడ్డగీతలే పడ్డాయి.

బ్రిడ్జ్ ఆడనివాళ్ళకు కొంచెం చెప్పాలి. నలుగురు కూర్చుంటారు, ఎదురెదురు వాళ్ళు జట్టు. 52 ముక్కలూ పంచేస్తారు. నలుగురూ తలొక ముక్క వేస్తే ఒక ట్రిక్కు, మొత్తం పదమూడు ట్రిక్కులు. ముందు వేలం పాట: ఆరుకి పైన ఇన్ని ట్రిక్కులు చేస్తాం, ఫలానా రంగు తురుపు, లేదా తురుపే లేదు, అంటే నో ట్రంప్. ఎక్కువ పాడిన జట్టుకు ఆట దక్కుతుంది. వాళ్ళలో ఆ రంగును ముందుగా పాడినవాళ్ళు డిక్లేరర్. డిక్లేరర్‌కి ఎడమ చేతి వైపు ఉన్నవాళ్ళు మొదటి ముక్క వేయాలి. దాన్నే లీడ్ అంటాం. అది పడ్డాకే డిక్లేరర్ ఎదుటి మనిషి తన పదమూడు ముక్కలూ టేబుల్ మీద పరుస్తాడు. ఆ చేయే డమ్మీ. అక్కడినుంచి ఎవరు ఏ ముక్క వేసినా తమవీ డమ్మీవీ చూసుకునే వేస్తారు. లీడ్ చేసే మనిషికి మాత్రం తన పదమూడు తప్ప ఇంకేమీ కనపడవు. ఒక మనిషికి పడగల పదమూడు ముక్కల చేతులు 63,501 కోట్ల రకాలకు పైనే. మిగతా మూడు చేతుల్లో ఏముందో చూడకుండా, ఆట మొత్తాన్ని ఒక దారి పట్టించే ముక్క వేయాలి.

చూడకుండా అన్నానే గానీ వినకుండా అనలేదు. మా తెలుగు పేకాటల్లో కూడా దీన్ని పాట అనే అంటాం కదా. ఇప్పుడు క్లబ్బుల్లో పైకి అనరు, పెట్టెలోంచి అట్టముక్కలు తీసి చూపిస్తారు. అయినా అది పాటే. ఆ రాత్రి ఆటో దిగాక మా గేటు దగ్గర నిలబడి మాష్టారు విప్పి చెప్పిన లెక్క ఇది.

ఆసుకి నాలుగు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున పేకలో మొత్తం నలభై పాయింట్లు. మా క్లబ్బులో ‘ఒకటి నో ట్రంప్’ అంటే పదిహేను నుంచి పదిహేడు. నేరుగా మూడుకి దూకినాయన దగ్గర పది, పన్నెండు ఉంటాయి. నా దగ్గర రెండు. మిగిలిన పదకొండో పన్నెండో మాష్టారి దగ్గరే ఉండాలి. పాపం ఆయనకు నోరు తెరిచే వంతు వచ్చేసరికి పాట మూడు మెట్లు ఎక్కేసింది. ఇస్పేట్లు ఉన్నాయని చెప్పుకోవడానికి చోటేది?

రెండో సంగతి. ఆ ఎడమ పక్కాయన దగ్గర నాలుగు ఇస్పేట్లో నాలుగు ఆటీన్లో ఉంటే మూడుకి దూకే ముందు ‘రెండు కళావర్’ అని అడిగేవాడు. ‘నీ దగ్గర ఈ పెద్ద రంగులు రెండింట్లో ఏదైనా నాలుగు ఉందా’ అని దానర్థం. ఆ ప్రశ్నకు స్టేమన్ అని పేరు. శామ్ స్టేమన్ 1945లో ‘బ్రిడ్జ్ వరల్డ్’ పత్రికలో దాని గురించి రాశాడు. ఆయన అడగలేదు. అంటే ఇస్పేట్లు, ఆటీన్లు ఆయన దగ్గర పొట్టివి. నాకు ఇస్పేట్లు రెండే. మరి మిగతా ఇస్పేట్లు ఎక్కడ పోగుపడి ఉంటాయి?

“నీ డైమన్లు పొడుగే, కాదనను” అన్నారాయన. “నాలుగు సార్లు దున్ని పండించావే అనుకో. కోతకు పొలంలోకి వెళ్ళే గట్టు ఏదీ? ఆసు లేదు, రాజు లేదు. నీ చేతికి మళ్ళీ ఆట వచ్చే దారే లేదు. నా పొలానికి గట్టు ఉంది. విత్తనం నువ్వు వేస్తే చాలు.”

నేను గేటు గొళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. లోపలినుంచి మా ఆయన, ఎవరితో మాట్లాడుతున్నావు ఇంత రాత్రి, అంటున్నారు.

అలా అని పొడుగు రంగులో నాలుగో ముక్క అన్న పాఠం చెత్తబుట్టలో వేయాల్సింది కాదు. అది బ్రిడ్జ్ కంటే పాతది, విస్ట్ కాలం నాటిది. దాని గొప్పదనం ముక్కలో కంటే ముక్క చెప్పే కబురులో ఉంది. 1890 ప్రాంతంలో ఆర్. ఎఫ్. ఫోస్టర్ అనే విస్ట్ రచయిత దీంట్లోంచి ఒక లెక్క తీశాడు. పదకొండు సూత్రం అంటారు. జతగాడు వేసిన ముక్క నాలుగోదైతే, ఆ అంకెను పదకొండులోంచి తీసేయండి. మిగిలిన అంకె ఎంతో, ఆ ముక్కకు పైనున్నవి మిగతా మూడు చేతుల్లో కలిపి అన్నే.

ఎందుకంటే జాకీని పదకొండు, రాణిని పన్నెండు, రాజుని పదమూడు, ఆసుని పద్నాలుగు అనుకోండి. ఏడుకి పైన ఏడు ముక్కలున్నాయి. ఏడు నాలుగోది కాబట్టి పైనవి మూడు వేసినవాడి దగ్గరే ఉన్నాయి. మిగిలినవి నాలుగు. పదకొండులోంచి ఏడు పోతే నాలుగు. అంతే. కూడికలూ తీసివేతలూ దాటి ఏమీ లేదు.

నేను దీన్ని నమ్మిన రోజు బాగా గుర్తు. మాష్టారు ఇస్పేటు ఏడు వేశారు. డమ్మీలో రాజు, తొమ్మిది, మూడు. నా దగ్గర ఆసు, పది, నాలుగు. డమ్మీ నుంచి మూడు పడింది. చేయి ఆసు వైపే పోయింది. ఆగాను. ఏడుకి పైవి మూడు చేతుల్లో నాలుగే ఉండాలి. రాజు, తొమ్మిది ఎదురుగా కనపడుతున్నాయి. ఆసు, పది నావి. నాలుగూ అయిపోయాయి! డిక్లేరర్ దగ్గర ఏడును కొట్టే ఇస్పేటు ఒక్కటి కూడా లేదు. ఆసు పెట్టుకుని నాలుగు వేశాను. డిక్లేరర్ నా మొహం వంక చూశాడు, తన ఐదు పడేశాడు. మాష్టారి ఏడే ట్రిక్కు పట్టింది. ఆయన దగ్గరున్నవి రాణి, జాకీ, ఎనిమిది, ఏడు. బ్యాంకులో ముప్పయ్యేళ్ళు లెక్కలు సరిచూశాను గానీ, కనపడని చేతిలో ఏం లేదో అంత కచ్చితంగా తెలిసిన రోజు ఇంకోటి లేదు.

వరసగా బొమ్మలుంటే ఈ నాలుగో ముక్క గొడవ అక్కర్లేదు. రాజు, రాణి, జాకీ ఉంటే రాజు. రాణి, జాకీ, పది ఉంటే రాణి. మనకు నష్టం లేదు, కింద ఏమున్నాయో జతగాడికి తెలుస్తుంది. రెండే ముక్కలుంటే పెద్దది ముందు. ఇవన్నీ జట్టు కట్టేటప్పుడే మాట్లాడుకుని, ఎదుటివాళ్ళు చూసేలా కార్డు మీద రాసుకోవాలి. రహస్య సంకేతాలు పనికిరావు.

ఆ మాట ఎందుకన్నానంటే, బ్రిడ్జ్‌లో మోసం చేయాలనుకున్నవాళ్ళు చూసిన మొదటి చోట్లలో ఈ లీడ్ ఒకటి. 2015లో నార్వే ఆటగాడు బోయె బ్రోగెలాండ్ బయటపెట్టిన వ్యవహారంలో, ప్రపంచ స్థాయి జంట ఒకటి పాట అయ్యాక బోర్డును టేబుల్ మీద ఎక్కడ జరిపి పెడుతుందో దాన్నిబట్టి ఏ రంగు వేయాలో చెప్పుకుంటోందని వీడియోల్లో తేలింది. కోట్ల మంది చూసే ఆట కాదు. అయినా ఒక్క రంగు పేరు ముందే తెలియడానికి అంత తెగించారు. జతగాళ్ళు ఒకరి మొహం ఒకరికి కనపడకుండా టేబుల్‌కి అడ్డంగా తెర కట్టే పద్ధతి ప్రపంచ పోటీల్లో 1975లోనే వచ్చింది. మా క్లబ్బులో తెరలు లేవు. మాష్టారి మొహం నాకు బాగానే కనపడుతుంది. దాన్లోంచి ఏదైనా చదవగలిగితే చెప్పండి, నేను ఇరవయ్యేళ్ళు జతకట్టినా చదవలేను.

తురుపు ఉన్న ఆటలో లెక్కలు వేరు. పొడుగు రంగును పండించేలోపే తురుపుతో కొట్టేస్తారు. అక్కడ అందరికీ ముద్దొచ్చేది ఒంటి ముక్క. అది వేస్తే, జతగాడు ఆట పట్టి అదే రంగు తిరిగి వేస్తే, మనం చిన్న తురుపుతో కొట్టొచ్చు. నాకూ మొదట్లో ఒంటి ముక్క కనపడితే పెళ్ళివారి కబురొచ్చినంత సంబరం. అయితే ఇక్కడా పాయింట్లు లెక్కపెట్టాలి. వాళ్ళు గేమ్ అనే పెద్ద పాట పాడారంటే పాతికో ఇరవయ్యారో ఉంటాయి. నా దగ్గరే పన్నెండు ఉంటే జతగాడి దగ్గర రెండో మూడో. ఆయన ఆట పట్టేదెప్పుడు, తిరిగి వేసేదెప్పుడు? నా చేయి పేలవంగా ఉన్నప్పుడే ఒంటి ముక్కకు విలువ. ఇక ఆసు ఉన్న రంగులో ఆసు దాచి కింద ముక్క వేయొద్దు. డిక్లేరర్ దగ్గర ఒంటి రాజు ఉంటే ఆ ఆసు మనకు మళ్ళీ దక్కకపోవచ్చు. వాళ్ళు రెండు రంగులు పాడి రెండోదాని దగ్గర ఆగితే తురుపే లీడ్ చేయడం చాలాసార్లు మంచిది. మొదటి రంగు ముక్కల్ని డమ్మీ తురుపులతో కొట్టుకోవాలని చూస్తారు, ఆ తురుపుల్ని ముందే తగ్గించేయాలి.

జతగాడు పాటలోనే లీడ్ అడిగే పద్ధతి ఒకటుంది, న్యాయంగా, అందరూ వింటుండగా. 1929లో థియొడోర్ లైట్నర్ చెప్పింది. ఎదుటివాళ్ళు తమంతట తాము స్లామ్ పాడారు, అంటే పన్నెండు ట్రిక్కులో పదమూడో. లీడ్ చేయని మన జతగాడు ‘డబుల్’ అంటే అది డబ్బాశ కాదు. ‘మామూలుగా వేసేది వేయకు, విడ్డూరంగా వెయ్యి’ అని. ఒకసారి వాళ్ళు ఆరు ఇస్పేట్లు పాడారు, మాష్టారు డబుల్ అన్నారు. నా దగ్గర కళావర్ రాణి, జాకీ, పది వరసగా నవ్వుతున్నాయి. వాటిని పక్కనబెట్టి, డమ్మీ పాడిన ఆటీన్లే నా దగ్గర ఆరున్నాయని చూసుకుని ఆటీన్ వేశాను. మాష్టారి దగ్గర ఒక్క ఆటీనూ లేదు. తురుపుతో కొట్టారు, పక్కనున్న ఆసు తీసుకున్నారు. పన్నెండు చేస్తామన్నవాళ్ళకు పదకొండే దక్కాయి.

ఈమధ్య కంప్యూటర్లు కూడా ఈ సంగతిలో వేలు పెట్టాయి. డేవిడ్ బర్డ్, టాఫ్ ఆంథియాస్ అనే ఇద్దరు 2011లో నో ట్రంప్ లీడ్‌ల మీద, మరుసటి ఏడాది తురుపు ఆటల లీడ్‌ల మీద పుస్తకాలు తెచ్చారు. ఒక చేయి, ఒక పాట ఇచ్చి, వాటికి సరిపడే పంపకాలు వేలల్లో పుట్టించి, ఏ ముక్క వేస్తే ఎక్కువసార్లు డిక్లేరర్ ఓడతాడో లెక్కగట్టారు. ఒకటి, మూడు నో ట్రంప్ పాట మీద బక్క చేతితో ఉన్నవాళ్ళు పొట్టిదైనా సరే ఇస్పేటో ఆటీనో వేయడం పాత పాఠం కంటే చాలాసార్లు మెరుగని తేలింది. రాజు కిందనుంచో రాణి కిందనుంచో తెగించి వేసే లీడ్‌ల కంటే, ఏమీ ఇవ్వని నిమ్మళమైన లీడ్‌లకు వాళ్ళిద్దరూ ఎక్కువ మార్కులు వేశారు.

ఆ పుస్తకం మాష్టారికి ఇస్తే వారం తర్వాత తిరిగిచ్చారు. “బాగుంది. కానీ ఆ కంప్యూటర్ నాలుగు చేతులూ చూస్తూ ఆడుతుందమ్మా. దాని డిక్లేరర్ రాణి ఎక్కడుందని తడుముకోడు. మన పక్కావిడ తడుముకుంటుంది” అన్నారు. నిజమే. అయినా ఇస్పేటు పది విషయంలో కంప్యూటరూ మాష్టారూ ఒకే మాట మీదున్నారు, అందుకని నేను ఇద్దర్నీ నమ్ముతున్నాను.

మా ఇళ్ళల్లో పేక అంటే ఇంకా పేకాటే. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ నేను క్లబ్బుకు ‘మీటింగ్’ అని చెప్పి వెళ్ళేదాన్ని. 1960ల చివర్లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద నడిచిన రమ్మీ కేసులో సుప్రీంకోర్టు, రమ్మీలో అదృష్టం బ్రిడ్జ్ పంపకంలో ఉన్నలాంటిదే, అది ప్రధానంగా నైపుణ్యం ఆట అని తేల్చింది. ఆ తీర్పును ఆవిడ ముందు పెట్టే ధైర్యం నాకెప్పుడూ రాలేదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మనవాళ్ళు ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ బ్రిడ్జ్ జంటల పోటీలో బంగారు పతకం తెచ్చాకే మా ఆయన నా ఆట గురించి చుట్టాల ముందు పైకి చెప్పడం మొదలుపెట్టారు. బర్ధన్‌కి అప్పుడు అరవయ్యేళ్ళు. అది మా ఆయనకు మరీ నచ్చింది.

ఒక పొరపాటు కూడా చెప్పుకోవాలి. ఒకసారి నాది కాని వంతులో లీడ్ చేశాను. ముక్క తిప్పి పడేశాక చూస్తే డిక్లేరర్ నా కుడి పక్కన లేడు, ఎడమ పక్కన ఉన్నాడు. అలాంటప్పుడు డిక్లేరర్‌కి చట్టం అయిదు దారులిస్తుంది: ఆ ముక్కను ఒప్పుకోవచ్చు, తనే డమ్మీ అయిపోయి జతగాడితో ఆడించుకోవచ్చు, మాష్టారిని అదే రంగు వేయమనొచ్చు, ఆ రంగు వద్దనొచ్చు, లేదా ఆయన్ని ఏదైనా వేయనిచ్చి నా ముక్కను శిక్షగా టేబుల్ మీదే ఉంచొచ్చు. ఆ రోజు అయిదూ చదివి వినిపించారు, పెళ్ళిలో కట్నకానుకలు చదివినట్టు. అప్పట్నుంచీ నేను ముక్కను బోర్లా పెట్టి ఆగుతాను. “ప్రశ్నలున్నాయా మాష్టారూ?” అంటాను. ఆయన లేవంటేనే తిప్పుతాను.

మాష్టారి డైరీలో ఆయనకు అన్నిటికంటే నచ్చనివి, వినికిడి గడిలో అడ్డగీత, ఫలితం గడిలో టిక్కు పడ్డ వరసలు. వినకుండా వేశాం, కలిసొచ్చింది. “ఇవి ముదిరితే తగ్గవమ్మా” అంటారు.

రెండు నెలల తర్వాత మళ్ళీ అదే పాట వచ్చింది. ఒకటి నో ట్రంప్, మూడు నో ట్రంప్. నా చేతిలో జాకీతో మొదలయ్యే అయిదు డైమన్లు, ఇస్పేట్లు ఎనిమిది, నాలుగు, ఇంకెక్కడా బొమ్మ లేదు. ఈసారి డైమన్ల వంక చూడలేదు. పాడనిది విన్నాను, మాష్టారి పాయింట్లు లెక్కపెట్టాను, ఇస్పేటు ఎనిమిది బోర్లా పెట్టాను. ప్రశ్నలు లేవన్నారు. తిప్పాను. డమ్మీలో ఇస్పేటు రాజు, తొమ్మిది, మూడు పరుచుకున్నాయి. డిక్లేరర్ దగ్గర ఆసు, జాకీ, పది, ఆరు. రాణి మాష్టారి దగ్గరే ఉంది. అదెక్కడుందో వెతుక్కునే పని నేనే తప్పించాను. నాలుగు ఇస్పేట్లూ డిక్లేరర్‌కే పోయాయి, తొమ్మిది ట్రిక్కులు సరిగ్గా పూర్తయ్యాయి. చివర్లో చూస్తే మాష్టారి దగ్గర డైమన్ రాజు, రాణి, ఐదు. డైమన్ వేసి ఉంటే ఆట పోయేది.

మాష్టారు డైరీ తీశారు. ఇస్పేటు ఎనిమిది అని రాశారు. వినికిడి కింద టిక్కు పెట్టారు. ఫలితం కింద అడ్డగీత గీశారు. పెన్ను మూత బిగించి జేబుకు తగిలించుకుని, “తర్వాతి బోర్డు తియ్యమ్మా” అన్నారు.